మూత తీసి చూసే మేస్త్రీ

మోటారు సైకిలు ఏదైనా సరే, షెడ్డు ముందు ఆగిందంటే మేస్త్రీ దాని యజమాని మొహం చూడడు, ముందు పెట్రోలు ట్యాంకు మూత తీస్తాడు. ఒక కన్ను మూసి, రెండో కన్ను ఆ రంధ్రం దగ్గర పెట్టి లోపలికి చూస్తాడు. బండిని అటూ ఇటూ ఊపి లోపలి చప్పుడు వింటాడు. మూత బిగిస్తాడు. అప్పుడు గానీ "ఊఁ, చెప్పు, ఏమైంది?" అనడు. బ్రేకు పట్టడం లేదని వచ్చిన బండికైనా ఇదే మర్యాద. ఒకసారి టైరు పంక్చరై చెమటలు కక్కుతూ బండి తోసుకొచ్చిన పెద్దమనిషి, "గాలి పోయింది చక్రంలో మేస్త్రీ, ట్యాంకులో కాదు" అన్నాడు. "అది తేల్చాల్సింది మీరా, నేనా?" అన్నాడు మేస్త్రీ, కన్ను ట్యాంకులోంచి తియ్యకుండానే.

ఈ అలవాటు వెనక ఒక పరాభవం ఉంది. పని నేర్చుకునే రోజుల్లో ఎంత తన్నినా స్టార్ట్ కాని బండి ఒకటి అతని చేతికొచ్చింది. మనవాడు మధ్యాహ్నమంతా కూర్చుని కార్బొరేటరు మొత్తం ఊడదీసి, పెట్రోలు దూరే జెట్లూ సూదులూ లోపల తేలే బుడ్డీ గుడ్డ మీద వరసగా పేర్చి, ఒక్కోదాన్నీ ఊది ఊది శుభ్రం చేశాడు. గురువు వచ్చాడు, ట్యాంకు మూత తీశాడు, లోపల చుక్క పెట్రోలు లేదు. కొట్టినా బాగుండేది. కొట్టకుండా ఆ వీధిలో ఉన్న షాపులవాళ్ళందరినీ పిలిచి చూపించాడు. ఆ రోజు చెవుల దాకా ఎక్కిన వేడి మళ్ళీ ఎక్కకూడదని మేస్త్రీ అప్పుడే ఒట్టు పెట్టుకున్నాడు. ఆ తర్వాత అతని చేతిలో మూత తీయించుకోని బండి లేదు.

మరి పనిలో? పనిలో వంక పెట్టడానికి లేదు. గాలినీ పెట్రోలునీ తగిన పాళ్ళలో కలిపి ఇంజనుకు అందించే ఆ గుప్పెడంత కార్బొరేటరు అతనికి ఇంటి మనిషి కిందే లెక్క. కళ్ళు మూసుకుని, పక్కన ఉండే గాలి స్క్రూని గోరంత తిప్పి, ఆగి, మళ్ళీ గోరంత వెనక్కి తిప్పి, ఇంజను చప్పుడు ఒక చోట కుదురుకోగానే కళ్ళు తెరిచి "కూర్చుంది" అనేవాడు. అంతే, ఇంక ఆ బండి గురించి ఎవరూ మాట్లాడకూడదు. "మేస్త్రీ, ఇంకా కొంచెం ఎగిరెగిరి పడుతోంది" అని తిరిగొస్తే కోపం ముక్కు మీదే ఉండేది. "బండి కూర్చుంది. నువ్వు కుదురుగా కూర్చో" అనేవాడు. తన చేత్తో చూసిన బండిలో లోపం ఉండొచ్చని ఒప్పుకోవడం అతని వల్ల అయ్యే పని కాదు. ఇంత మంచి చెవి ఇచ్చిన దేవుడు, ఆ చెవికి తన తప్పు వినే గుణం మాత్రం ఇవ్వలేదు.

షెడ్డు ముందు, ఇల్లు వెనక. మధ్య గోడకు ఒక కిటికీ. ఆ కిటికీ పక్కన మేస్త్రీ భార్య కుట్టుమిషను. ఆవిడ బట్టలు కుడుతూ షెడ్డులో జరిగేదంతా వినేది, అవసరమనుకుంటే కిటికీలోంచి ఒక మాట విసిరేది. ఆవిడ తమ్ముడే చిన్నోడు. ముప్పై దాటాయి, పెళ్ళయింది, కొడుకు బడికి వెళ్తున్నాడు, అయినా అక్కకీ బావకీ చిన్నోడే. తల్లి త్వరగా పోతే వాణ్ణి ఈవిడే పెంచింది. పెళ్ళయ్యాక కూడా "ఏమండీ, మా చిన్నోడు..." అని మొదలుపెడితే మేస్త్రీ చేతిలో రెంచి కింద పెట్టి వినాల్సిందే.

చిన్నోడు మంచివాడు. మంచివాడన్న మాట తప్ప ఇంకేం చెప్పాలో ఎవరికీ తోచని రకం. ఎవరేమన్నా నమ్ముతాడు, ఏ పనిలో పెట్టినా ఏదో ఒకటి పారబోస్తాడు, తిడితే తల ఊపుతాడు. చాలా పనులు మారాడు. చివరికి ఒక ల్యాబులో కుదిరాడు. ఊళ్ళో చిన్న చిన్న క్లినిక్కుల్లో తీసిన రక్తం గొట్టాలని మంచు ముక్కలున్న పెట్టెలో పెట్టుకుని, వంతెన దాటి, అవతల ఉన్న పెద్దాసుపత్రిలో అప్పగించాలి. వేళ దాటితే రక్తం పాడవుతుంది. అందుకని ఆసుపత్రి గేటు దగ్గర కాపలాదారు, ఆ పెట్టె ఉన్న బండి దూరాన కనబడగానే అడ్డకర్ర పైకెత్తేవాడు. డాక్టర్ల కార్లు కూడా ఆగి అడుగుతాయి, చిన్నోడు మాత్రం ఆగకుండా లోపలికి పోతాడు.

"ఆ కర్ర నా కోసం లేస్తుందక్కా" అని కిటికీ దగ్గర నిలబడి చెప్పేవాడు. "నేనింకా మలుపులో ఉండగానే లేస్తుంది."

ఎన్నిసార్లు చెప్పినా అక్క కొత్తగా విన్నట్టే వినేది. మేస్త్రీ మాత్రం "లేవక చస్తుందా, బండి ఎవరు ఎంచి ఇచ్చారు మరి" అని నవ్వేవాడు. నిజమే, ఆ పాత బండిని వెతికి, బేరమాడి, ఇంజను విప్పి కొత్తదానిలా చేసి ఇచ్చింది అతనే.

ఆ ఏడు వానలు గట్టిగా పడ్డాయి. ఒక ఉదయం చిన్నోడు తడిసి ముద్దయి వచ్చి, బండి దగ్గుతోంది బావా అన్నాడు. మేస్త్రీ మూత తీశాడు, చూశాడు, ఊపాడు, కార్బొరేటరు కింద స్క్రూ విప్పి పెట్రోలుని అరచేతిలో పట్టాడు. అడుగున నీటి బొట్లు దొర్లుతున్నాయి. ట్యాంకు మూతకి లోపల ఉండే రబ్బరు వాషరు చీకిపోయి పొడి పొడిగా రాలుతోంది, అందులోంచి వాన నీరు దిగుతోంది. రోగం దొరికింది. ఆ సైజు వాషరు బజారులో దొరకలేదు. దొరక్కపోతే మేస్త్రీ ఊరుకుంటాడా? పాత లారీ ట్యూబు ముక్క తీసుకుని, కిటికీలోంచి చెయ్యి పెట్టి, మిషను మీదున్న కత్తెర పట్టుకుపోయాడు.

"అయ్యో, బట్టల కత్తెరండీ అది! రబ్బరు కోస్తే ఇంకేం తెగుతుంది?" అని అరిచింది ఆవిడ.

"మీ తమ్ముడి కోసమేనే" అన్నాడతను. దాంతో ఆవిడ నోరు మూతపడింది.

ట్యూబు మీద మూత బోర్లించి, మేకుతో గీత గీసి, గుండ్రంగా బిళ్ళ కోశాడు. వంకర లేని గుండ్రం. మూతలో కూర్చోబెట్టి, ట్యాంకు మీద పెట్టి బలంగా నొక్కి తిప్పాడు. అంత బాగా కుదిరినందుకు తనకే ముచ్చటేసింది. "ఇంక నీటి చుక్క కాదు కదా, గాలి కూడా దూరదు" అన్నాడు. చిన్నోడు తల ఊపాడు. కత్తెర మాత్రం ఆ తర్వాత ఏ బట్టనీ తిన్నగా కొయ్యలేదు.

కొన్నాళ్ళకి బండి వంతెన మీద ఆగిపోయింది.

ఆగడమంటే ఒక్కసారిగా కాదు. ముందు పట్టు తగ్గుతుంది, తర్వాత ఎగిరెగిరి పడుతుంది, ఆ తర్వాత రెండు దగ్గులు దగ్గి చచ్చిపోతుంది. చిన్నోడు దిగి, బావ దగ్గర నేర్చిన పాఠమే కదా, మూత తీసి చూశాడు. పెట్రోలు నిండుగా ఉంది. మూత పెట్టాడు, బండిని ఊపాడు, చోకు లాగాడు, తన్నాడు, తన్నాడు, ఇంకా తన్నాడు. చివరికి అంటుకుంది. సాయంత్రం షెడ్డుకి తెచ్చాడు. మేస్త్రీ మూత తిప్పగానే "సుయ్" మని చప్పుడొచ్చింది.

"విన్నావా?" అన్నాడు మేస్త్రీ గర్వంగా. "ఎంత టైటుగా పట్టిందో చూడు."

తర్వాత ప్లగ్గు విప్పి చూశాడు. కొస సున్నం పూసినట్టు తెల్లగా ఉంది. అంటే పెట్రోలు చాలక ఇంజను మాడుతోందన్నమాట. అక్కడి దాకా రోగం పట్టుకోవడం సరైనదే. పెట్రోలు ఎందుకు చాలడం లేదు? జెట్టులో నలకుంటుంది అనుకుని కార్బొరేటరు విప్పి, ఊది, బిగించాడు. నడిపి చూశాడు, బాణంలా పోయింది. "కూర్చుంది" అన్నాడు. మర్నాడు అదే వంతెన మీద అదే దగ్గు.

ఈసారి కార్బొరేటరుకీ ఇంజనుకీ మధ్య సందులోంచి దొంగగాలి లాగుతోందేమోనని అక్కడ సబ్బు నీళ్ళు చల్లి చూసి, ఎందుకైనా మంచిదని కొత్త గాస్కెట్టు వేశాడు. బాణంలా పోయింది. మర్నాడు ఆగింది. తేలే బుడ్డి సూది మార్చాడు. పెట్రోలు గొట్టం మార్చాడు. ట్యాంకు కింద కుళాయి విప్పి జల్లెడ కడిగాడు. గొట్టం లాగి పట్టుకుంటే పెట్రోలు ధారగా పడింది. పడదూ మరి? అప్పటికే మూత తీసి, కన్ను పెట్టి చూసి, బిగించి ఉన్నాడు కదా. ఏ రోగం కోసం వెతుకుతున్నాడో ఆ రోగాన్ని వెతకడానికి ముందే తన చేత్తో తీసేస్తున్నాడు. ప్రతిసారీ. వంతెన మీద చిన్నోడు చేస్తున్నదీ అదే. మూత తీసినందుకు బండి కదులుతోందని వాడికి తెలియదు. ఊపినందుకు కదులుతోందనుకున్నాడు, ఆ ఊపడాన్నే నమ్ముకున్నాడు.

పైగా ఒక తప్పుదారి కూడా దొరికింది. ట్యాంకు నింపిన రోజునే బండి త్వరగా ఆగుతోందని చిన్నోడు గమనించాడు, పాపం గమనించక గమనించక. "అయితే బంకువాడు కల్తీ కొడుతున్నాడు" అని తేల్చాడు మేస్త్రీ. బంకు మార్పించాడు. ఆగింది. ఇంకో బంకు. అక్కడా ఆగింది. ఊళ్ళో బంకులన్నీ దొంగవే అని తిట్టాడు. నిండు ట్యాంకులో గాలికి చోటు తక్కువ, అందుకే అది త్వరగా బిగుసుకుంటోందన్న ఆలోచన ఆ బుర్రకి తట్టలేదు. వేరేవాళ్ళ బండి అయితే తట్టేదేమో. తన చేతి పనిని అనుమానించాల్సి వచ్చేసరికి అతని తెలివి ఆ గుమ్మం దగ్గరే ఆగిపోయేది.

ఒక ఆదివారం విసుగెత్తి, తనే బండి తీసుకుని వంతెన మీదకి పోయాడు. అంతకు ముందే ట్యాంకులో పెట్రోలు చాలామటుకు కడగడానికి వాడేశాడు. దాదాపు ఖాళీ ట్యాంకు. వంతెన ఎక్కాడు, దిగాడు, తిరిగొచ్చాడు, బండి ఒక్క దగ్గు దగ్గలేదు. షెడ్డు ముందు దిగి తాళం చిన్నోడి మీదకి విసిరాడు.

"రోగం బండిది కాదురా, నీది" అన్నాడు. "చోకు సగం లాగి వదిలేస్తున్నావు. గేరు మార్చడం రాదు. క్లచ్చి మీద చెయ్యి తియ్యవు. బండి ఏం చేస్తుంది, దాని ఖర్మ!"

పక్క షాపుల వాళ్ళు నవ్వారు. చిన్నోడు కూడా నవ్వడానికి చూశాడు. "అంతేనేమో బావా" అన్నాడు. కిటికీ వెనక మిషను ఆగిపోయింది, కాసేపటికి మళ్ళీ మొదలైంది.

ఆ వారంలోనే పెట్టె బాగా ఆలస్యమైంది. మంచు కరిగిపోయింది. గొట్టాలు పనికిరావని ఆసుపత్రివాళ్ళు తిప్పి పంపారు. వాటిలో ఒకటి చిన్నపిల్లది. మళ్ళీ సూది పెట్టాల్సొచ్చింది. ఆ పిల్ల తల్లి చిన్నోణ్ణి క్లినిక్కు మెట్ల మీద నిలబెట్టి అడిగిన మాటలు వాడు ఎవరికీ చెప్పలేదు. అన్నం ముందు కూర్చుని లేచిపోయాడని వాడి భార్య ఆడపడుచుకి ఫోన్లో చెప్పింది. "ఆయనకి ఏ పనీ చేతకాదు వదినా" అని కూడా అంది. ఏడుస్తూ అంది గానీ, అంది.

మర్నాడు ల్యాబు సూపర్‌వైజరు మేస్త్రీకి ఫోన్ చేశాడు. మర్యాదస్తుడు, చెడ్డవాడేం కాదు.

"మీరు మా కుర్రాడి బండి చూసే మెకానిక్కేనా? ఒక్క మాట నిజం చెప్పండి. బండిలో లోపముందా, లేకపోతే ఇతనే దారిలో ఎక్కడైనా కూర్చుండిపోతున్నాడా? బండే అయితే ఏదో సర్దుబాటు చేస్తాను."

అప్పటికి కొంచెం ముందే ఎదురుగా టీ కొట్టు దగ్గర ఎవడో, బావమరిది బండే బాగు చెయ్యలేని మేస్త్రీకి మన బండ్లేం ఇస్తాం అని అననే అన్నాడు. అది మేస్త్రీ చెవిన పడనే పడింది. ఒళ్ళు మండిపోతోంది. బండి లోపం దొరకడం లేదు సార్, వెతుకుతున్నాను అంటే సరిపోయేది. నిజం కూడా అదే. కానీ నోటికి వచ్చింది వేరు.

"నా చేత్తో చూసిన బండి సార్. లోపమన్న మాటే లేదు" అన్నాడు.

"సరే. థాంక్సండీ" అని అవతల పెట్టేశారు.

చిన్నోడి ఉద్యోగం పోయింది. పోయిందని వాడే వచ్చి చెప్పాడు. బండి షెడ్డులో ఒక మూల పెట్టి, తాళం మేకుకి తగిలించి, "ఇంక దీంతో పనేముంది బావా, ఎవరికైనా అమ్మెయ్యి. పాపం నువ్వు చెయ్యగలిగిందంతా చేశావు" అన్నాడు. మేస్త్రీ ఫోన్ సంగతి వాడితో అనలేదు. భార్యతోనూ అనలేదు. చిన్నోడు బస్తాల గోదాములో మోత పనికి కుదిరాడు. నడిచి వెళ్ళి నడిచి వచ్చేవాడు. సాయంత్రాలు అక్క దగ్గరికి వస్తే నడుం పట్టేసి వంగలేక, కిటికీకి ఆనుకుని నిలబడే మాట్లాడేవాడు. అడ్డకర్ర కబురు మళ్ళీ ఎత్తలేదు.

బండి ఆ మూల దుమ్ము కొట్టుకుంటూ ఉంది. ఒకరోజు మధ్యాహ్నం వేరే ఇంజను భాగాలు కడగడానికి మేస్త్రీకి పెట్రోలు కావాల్సొచ్చింది. మూలనున్న బండి ట్యాంకు నిండా ఉంది, వృథాగా ఉంది. అది బాగు చెయ్యాల్సిన బండి కాదు, అమ్మకానికి పెట్టిన బండి. అందుకని దాని మూత తీసి చూడాలనిపించలేదు. గొట్టం లాగి, కింద పళ్ళెం పెట్టి, కుళాయి తిప్పి, తన పనిలో పడ్డాడు.

కొంతసేపటికి చూస్తే పళ్ళెంలో అడుగున మాత్రమే పెట్రోలుంది. గొట్టంలోంచి ధార రావడం లేదు. సన్నగా, దారంలా వస్తోంది. చూస్తుండగానే చుక్కలైంది. చుక్కలూ ఆగాయి.

ట్యాంకుని తట్టాడు, నిండు చప్పుడు. ఊపాడు, లోపల పెట్రోలు తొణికింది. నిండా ఉంది, బయటికి రావడం లేదు. గొట్టం కొస వైపు వంగి చూశాడు. గుడగుడమని ఒక బుడగ గొట్టంలోంచి పైకి పోయింది, దాని వెనక రెండు చుక్కలు పడ్డాయి. మళ్ళీ ఆగింది. ఏదో దారిలో గాలి కోసం ట్యాంకు దేవులాడుతోంది.

మేస్త్రీ చెయ్యి మూత మీద పడింది. వెంటనే తిప్పలేకపోయాడు. తిప్పితే ఏమవుతుందో అతనికి అప్పటికే తెలిసిపోయింది. తిప్పాడు. "సుయ్" మంది. కింద పళ్ళెంలో పెట్రోలు ధార కట్టి చప్పుడు చేస్తూ పడింది.

పాత వాషరుకి నడిమధ్య చిన్న బెజ్జం ఉంటుంది. పెట్రోలు తగ్గేకొద్దీ ఆ ఖాళీలోకి మూతలోంచి గాలి దిగాలి. దిగకపోతే పెట్రోలు కిందికి రాదు. పని నేర్చుకునేవాడికి కూడా తెలిసిన సంగతి. చీకిపోయిన వాషరులో ఆ బెజ్జం ఆనవాలు కనబడలేదు, ముచ్చటైన గుండ్రం కొయ్యడంలో పడి ఇతనికీ గుర్తు రాలేదు. గాలి కూడా దూరదు అని తన నోటితో తనే అన్నాడు. వచ్చిన ప్రతిసారీ ఆ చప్పుడు విని మురిసిపోయాడు. మేస్త్రీ నేల మీద చతికిలబడిపోయాడు. పళ్ళెం నిండి పెట్రోలు పొర్లి అతని లుంగీ కిందికి వస్తున్నా లేవలేదు.

కిటికీలోంచి చూసిన ఆవిడ కంగారుపడి వచ్చింది. "ఏమైందండీ? గుండెల్లో నొప్పా?"

అతను మూత తిప్పి లోపలి రబ్బరు చూపించాడు. గాలి ఆడకే బండి ఆగేదని చెప్పాడు. ఆవిడకి మెకానిజం అర్థమయ్యిందో లేదో గానీ, రబ్బరు మాత్రం గుర్తుపట్టింది.

"నా కత్తెరతో కోసిందేనా?" అంది.

"ఊఁ."

"అయితే మా చిన్నోడు..." అని మొదలుపెట్టింది. ఎప్పుడూ పూర్తిచేసే ఆ మాటని ఈసారి పూర్తి చెయ్యలేదు. అప్పుడు అతను ఫోన్ సంగతి కూడా చెప్పేశాడు. తిడుతుందనుకున్నాడు, తిట్టాలనే కోరుకున్నాడు. ఆవిడ కుళాయి కట్టేసి, పళ్ళెం పక్కకి జరిపి, లోపలికి వెళ్ళి మిషను ముందు కూర్చుంది. మిషను తొక్కలేదు. చాలాసేపటికి కిటికీలోంచే, "వాడితో మీరే చెప్పండి. నా వల్ల కాదు" అంది.

ముందు ల్యాబు సూపర్‌వైజరుకి ఫోన్ చేశాడు మేస్త్రీ. తప్పు నాది సార్, బండిలోనే లోపముంది, లోపం పెట్టింది నేనే, కుర్రాడి తప్పేం లేదు అని ఒక్క ఊపిరిలో చెప్పాడు. జీవితంలో అంత పొడుగు ఒప్పుకోలు అతని నోట రాలేదు. అవతలాయన అంతా విన్నాడు.

"మంచిదండీ, చెప్పినందుకు. కానీ కొత్తతను వచ్చేశాడు. బాగా చేస్తున్నాడు. పిల్లలవాడు. ఇప్పుడు అతన్ని ఏమని తీసెయ్యను?"

ఏమని తీసేస్తాడు? మేస్త్రీ బతిమాలడానికి నోరు తెరిచి, ఎవరి పొట్ట కొట్టమని బతిమాలుతున్నాడో తోచి మూసేశాడు.

ఆ ఆదివారం వాషరుకి నడిమధ్య మేకు కాల్చి బెజ్జం పెట్టాడు. క్షణం పట్టలేదు. ట్యాంకు అంచుల దాకా నింపించాడు. చిన్నోడు రాగానే, "నువ్వు నడుపు, నేను వెనక కూర్చుంటాను, వంతెన దాకా పోయొద్దాం" అన్నాడు. దారిలో చెబుదామనుకున్నాడు. వాడు తాళం అందుకుంటూ భయపడ్డాడు. "నేను నడిపితే ఆగుతుంది బావా" అన్నాడు.

"నడపరా."

వీధులు దాటారు, బజారు దాటారు, వంతెన ఎక్కారు. ఎప్పుడూ ఆగే దీపస్తంభం దగ్గరికి వచ్చేసరికి చిన్నోడి వీపు బిగుసుకోవడం వెనక కూర్చున్న మేస్త్రీకి తెలిసింది. స్తంభం దాటిపోయింది. ఇంజను కుదురుగా, ఒకే చప్పుడుతో, ఎక్కుడు ఎక్కేసింది.

"బావా!" అని అరిచాడు చిన్నోడు గాలిలోకి. "ఎక్కేసింది బావా! చూశావా, నేనే నడుపుతున్నాను!"

వంతెన దిగాక వెనక్కి తిరగాలి. చిన్నోడు తిరగలేదు. చేతులకి అలవాటైన దారి, సంతోషంలో అలాగే ముందుకి పోనిచ్చాడు. ఆసుపత్రి మలుపు తిరిగారు. దూరంగా గేటు దగ్గర కాపలాదారు, బండిని గుర్తుపట్టి, అడ్డకర్ర పైకెత్తేశాడు.

చిన్నోడు బ్రేకు వేశాడు. గేటు ముందు బండి ఆగింది. కర్ర పైకి లేచే ఉంది.

"ఏమయ్యా, కనబడ్డమే మానేశావు? పెట్టె ఏది?" అన్నాడు కాపలాదారు.

"లేదన్నా. ఊరికే ఇటొచ్చాం" అన్నాడు చిన్నోడు. కాపలాదారు ఇద్దరినీ మార్చి మార్చి చూసి, కర్ర దించేశాడు.

బండిని పక్కన గోడ వారకి తోశారు. ఇంక దారి ఎక్కడుంది? మేస్త్రీ చెప్పాడు. రబ్బరు సంగతి చెప్పాడు, బెజ్జం సంగతి చెప్పాడు, మూత తీసినప్పుడల్లా వచ్చిన చప్పుడు సంగతి చెప్పాడు. చిన్నోడు తల ఊపుతూ విన్నాడు.

"ఇంకోటుంది" అన్నాడు మేస్త్రీ. "మీ సూపర్‌వైజరు నాకు ఫోన్ చేశాడు. బండిలో లోపం లేదని నేనే చెప్పాను."

"తెలుసు బావా."

"తెలుసా?"

"నన్ను ఎదురుగా నిలబెట్టి చేశాడుగా. స్పీకరులో పెట్టాడు."

మేస్త్రీ గోడ పట్టుకున్నాడు. "మరి ఇన్నాళ్ళూ ఒక్క మాట అడగలేదేంరా? మొహం మీద ఉమ్మెయ్యాల్సింది కదరా నువ్వు."

"ఏమని అడగను బావా? నువ్వు బాగుందన్నావంటే బాగున్నట్టే కదా. నాకే నడపడం చేతకావట్లేదనుకున్నాను." వాడి గొంతులో నిష్ఠూరం లేదు. బండి వైపు చూశాడు, ఏదో లెక్క తేలినట్టు వాడి మొహం విప్పారింది. "అయితే నాకు నడపడం వచ్చన్నమాట! ఆ పిల్లకి రెండోసారి సూది పడింది నా వల్ల కాదన్నమాట."

"నీ వల్ల కాదురా."

"ఆ మాట మా ఆవిడతో ఒక్కసారి చెబుతావా బావా? నేను చెబితే నమ్మదు."

"చెబుతాను. పద" అన్నాడు మేస్త్రీ.

చిన్నోడు ఒక్క తన్నుకే స్టార్ట్ చేశాడు. మేస్త్రీ వెనక ఎక్కాడు. వానాకాలమంతా ఏ చప్పుడు కోసం తల బద్దలు కొట్టుకున్నాడో అదే చప్పుడు ఇప్పుడు కాళ్ళ మధ్య నుంచి హాయిగా వస్తోంది. చిన్నోడి ఇంటి గుమ్మంలో నిలబడి వాడి భార్యతో ఏమని మొదలుపెట్టాలో ఆలోచించుకుందామంటే తోచలేదు. దారిలో ఒక్కసారి, ఒక్క చోట ఆగితే బాగుండును, కొంచెం సేపు దొరుకుతుంది అనుకున్నాడు. వంతెన వచ్చింది, దీపస్తంభం వచ్చింది, వెనకబడిపోయింది. బండి ఎక్కడా ఆగలేదు.